తసియుక్ చూపించిన ఒడ్డు

“ఏ ఒడ్డుకి పోనివ్వను వదినా? తొందరగా తేల్చు. ఒడ్డున నీళ్ళు వెనక్కి తీసేస్తున్నాయి,” అన్నాడు ఎనూకి, పడవ ఇంజను ఆపి.

ఏటి మొగలో జూన్ నెల మంచుపలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ సముద్రంలోకి పోతున్నాయి. దక్షిణపు ఒడ్డున ఉలాయుక్ వాళ్ళ విడిది. ముప్పై ఒక్క వసంతాలు అక్కడే గుడారం వేసి మంచుబాతుల గుడ్లు ఏరుకున్నారు. ఆ బాతులే గడ్డిని వేళ్ళతో సహా పీకి తిని నేలంతా బురద చేశాయి. రెండేళ్ళుగా అక్కడ ఒక్క గూడు లేదు.

“మీ అన్నయ్యని అడుగుతానుండు,” అంది ఉలాయుక్.

“అడుగు. నోరు తెరిచి చెప్పాడంటే ఈ ఇంజను ఆయనకే ఇచ్చేస్తా. నా మాట విని చేపలకి పోదాం పద. ఎల్లుండి మా నానమ్మ పెళ్ళిలో చేపలే పెడదాం.”

ఎనూకి నానమ్మకి పందొమ్మిదేళ్ళు. అతని పెద్దకూతురే. పోయిన నానమ్మ పేరు పెట్టాక నానమ్మ కాక ఇంకేమవుతుంది? ఆ పిల్ల కసిరితే ఎనూకి ఇప్పటికీ తల దించుకుంటాడు.

“మీ నానమ్మకి నలభై గుడ్లు తెస్తానని మాటిచ్చాను. గుడ్లని చెప్పి చేపలు అంటగట్టడం నా వల్ల కాదు.”

“ఎవర్ని నమ్ముకుని ఇచ్చావు ఆ మాట?”

“ఈయన్ని.”

తసియుక్ ఆమె వీపుకి ఆనుకుని, కళ్ళు చికిలించి నీళ్ళకేసి చూస్తున్నాడు. ఏ పక్షి ఎక్కడ దిగుతుందో ఆ తీరంలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదనేవారు. అది పాత మాట. కిందటి ఆగస్టులో ఆస్పత్రి విమానం దక్షిణాదికి తీసుకెళ్ళింది. అక్టోబరులో అదే విమానం తెచ్చి దింపింది. పళ్ళు లేవు, జుట్టు లేదు, మాట లేదు, నడక లేదు. ఉలాయుక్ తోళ్ళూ గుడ్లూ ఇచ్చిపుచ్చుకోవడంలో ఆరితేరిన మనిషి. విమానం పక్కన నిలబడే లెక్క వేసుకుంది. పోయినవి చాలా ఉన్నాయి. మనిషి మిగిలాడు. మనిషంటూ ఉంటే మిగతావి ఒక్కొక్కటే వస్తాయి.

కానీ పాత తసియుక్ లోపల ఉన్నాడా లేదా అన్నది మాత్రం ఇన్ని నెలలైనా ఆమెకి తేలలేదు.

“కోప్పడకు వదినా,” ఎనూకి గొంతు తగ్గించాడు. “ఇంక బాతులేం గుర్తుంటాయి? నిన్న నేనే గుర్తులేను. నా మొహం చూసి ఏడ్చాడు.”

“నీ మొహం చూస్తే ఎవరికైనా ఏడుపే వస్తుంది.”

ఎనూకి నవ్వాడు. ఉలాయుక్ నవ్వలేదు.

“బేరం విను. ఇవాళ గూళ్ళు కనపడకపోతే విడిది ఎత్తేస్తాను. గుడారం, వల నువ్వే పట్టుకుపో. కనపడితే ప్రతి వసంతం మమ్మల్నిద్దర్నీ ఇక్కడికి తీసుకురావాలి. నేను పోయినా సరే, ఈయన్ని తేవాలి.”

“అమ్మో, పెద్ద బేరమే! సరే, ఒప్పుకున్నా.”

ఆమె తల పక్కకి తిప్పింది. “తసియుక్, ఆడబాతు తను పుట్టిన చోటుకే వచ్చి గూడు కడుతుందని నువ్వే కదా అనేవాడివి? అక్కడ మేత అయిపోతే పక్కింట్లో దిగుతుంది గానీ ఊరు మార్చదన్నావు. ఏదీ ఆ పక్కిల్లు?”

 గాలి ఒక్క క్షణం ఆగింది. తసియుక్ ఉత్తరానికి మెడ తిప్పి, చెయ్యి బయటికి తీసి ఊపాడు.

“ఉత్తరం,” అంది ఉలాయుక్.

“చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది వదినా! ఆ ఒడ్డున ఏనాడైనా ఒక్క గూడు చూశామా?”

“పోనివ్వు.”

ఉత్తరపు ఒడ్డంతా జారుడు రాళ్ళు. మోస్తానని ఎనూకి చేతులు చాపాడు. ఆమె ఇవ్వలేదు.

“ఇదివరకు ఆయన ఎక్కితే పడవ ఆ పక్కకి ఒరిగేది. ఇప్పుడు బరువే తెలీడం లేదు,” అన్నాడు ఎనూకి.

“తిండి నేను పెడుతున్నానుగా. బరువు అదే వస్తుంది,” అంటూ ఆమె భర్తని వీపున మోసుకునే గట్టెక్కింది.

గట్టెక్కి, అక్కడే నిలబడిపోయింది.

అవతల నేలంతా తెల్లగా ఉంది. మంచు కాదు. వందల మెడలు ఒక్కసారి లేచాయి. ఒక మగబాతు రెక్కలు విప్పి, బుసకొడుతూ ఎనూకి మీదికి పరుగెత్తుకొచ్చింది. అతను నాలుగడుగులు వెనక్కేశాడు. వాళ్ళు మోటారు ఆపిన చోటికి ఆ బాతుల అరుపులు గాలి ఆగినప్పుడు మాత్రమే అందుతాయి. అందరికంటే ముందు విన్నది తసియుక్ చెవులే.

“నూగు కప్పిన గూళ్ళు ముట్టుకోకు,” అంది ఉలాయుక్. “తల్లి తన రొమ్ము మీది నూగు పీకి పరిచిందంటే పొదుగుతున్నట్టే. నూగు లేకుండా రెండేసి గుడ్లున్న చోట ఒకటి తియ్యి, ఒకటి ఉంచు.”

తీసిన ప్రతి గుడ్డునీ డబ్బాలో నీళ్ళు పోసి వేసి చూశారు. మునిగినవి తాజావని ఉంచుకున్నారు, లోపల పిల్ల కట్టి తేలినవి మళ్ళీ గూటికి చేర్చారు. అలా నలభై ఒకటి అయ్యాయి.

ఎనూకి టోపీ తీసి వంగాడు. “అన్నయ్యా, నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి ఇంజను నాదే. మిగతా బేరం మటుకు ఖాయం.”

తసియుక్ ఈసారి అతన్ని చూసి ఏడవలేదు. మొహమంతా విప్పి నవ్వాడు. అది ఉలాయుక్‌కి బాగా తెలిసిన నవ్వు.

నలభై ఒకటో గుడ్డు స్టవ్ మీద ఉడికించి, పచ్చసొన మెత్తగా మెదిపి, ఆమె వేలితో అతని నోట్లో పెట్టింది. కింది చిగుళ్ళలో ఏదో గరుకుగా వేలికి తగిలింది. పోయినవాటిలో మొదటిది వస్తోంది.

ఆస్పత్రిలోనే పోయిన తాత పేరు పెట్టుకున్న ఆ మనవరాలికి నిన్ననే ఎనిమిదో నెల నిండింది.