ముప్పై అడుగుల సందు

"చీనీ చెట్లకు ఇరవై అడుగులకొక గుంట అంటివి కదా వదినా, ఈడ ముప్పై ఎందుకు?" బత్తాయి తోటకు కొలతలు వేస్తూ, తాడు కొస పట్టుకుని దివాకర్ అడిగాడు.

"కంచెకు." అన్న పోయాక సేద్యమంతా చూస్తున్న ఓబుళమ్మ, అవతలి కొసన గుర్తుకర్ర దిగేసింది.

"చేను నడిమధ్యలో కంచేంది?"

"ఇవి కాపుకొచ్చేతలికి ఆరేండ్లు. అంతవరకు మనం కలిసుంటామా? భాగాలు పంచుకుంటే చెట్లు కొట్టే పనుండదు."

భాగాల మాట ఎత్తమని పొద్దున్నే భార్య అర్చన చెప్పి పంపింది. మూడు సాళ్లు దాటినా దివాకర్‌కు నోరు పెగల్లేదు.

"మరి తూర్పుకు జంబేరి నిమ్మ మీద కట్టిన అంట్లు, పడమటికి రంగపూర్ నిమ్మ మీద కట్టినవి ఎందుకు తెప్పిస్తివి?" అన్నాడు అనుమానంగా.

"రంగపూర్‌వి నీళ్లు తక్కువైనా తట్టుకుంటాయి. బోరు తూర్పున కదా ఉండాది."

"పడమర ఎవరికి?"

"నాకు."

దివాకర్ బోరు వైపు చూశాడు. తర్వాత నడిచి వెళ్లి వదిన పాతిన కర్ర పెరికి, పది అడుగులు ఇవతలికి తెచ్చి పాతాడు.

"ఇరవై చాలు వదినా."

ఓబుళమ్మ తాడు లాగి కొలత చూసుకుంది.

"అర్చనను అడిగినావా?" అంది.