దేవుని గురిగి

“అమ్మా, మన గురిగి గింత అల్కగున్నదేంది?”

ఐదేళ్ల ప్రేమల మట్టి గురిగిని రెండు చేతులతో తేలిగ్గా ఎత్తి పట్టుకుని అడిగింది. అరుణమ్మ గబుక్కున అందుకుని మళ్లీ ఉట్టి మీద పెట్టేసింది.

“నువ్వు పెద్దగైనవ్ గదా బిడ్డా. గందుకే అల్కగ అనిపిస్తున్నది.”

ప్రేమల నమ్మింది. తను పెద్దదయిన సంగతి అన్నకు చెప్పడానికి వాకిట్లోకి పరుగెత్తింది. అక్కడ యోనా వెదురు బద్దలతో నక్షత్రం కడుతున్నాడు. తెల్లారితే క్రిస్మస్.

అది దేవుని గురిగి. బాన్సువాడలో క్రైస్తవులుండే ఆ వాడలో ఇంటికొకటి ఉంటుంది. దసరా వెళ్లిన ఆదివారం నుంచి, ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి అందులో వేయాలి. ఆ పిడికిలి ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డది కావాలి. పండుగనాడు ఆ బిడ్డే ప్రార్థన గుడిలో అందరి ముందూ గురిగిని చాప మీద గుమ్మరించాలి. అన్ని ఇళ్ల బియ్యం కుప్ప చేసి అక్కడే వండితే అదే ప్రేమ విందు. పిల్లలు చాలు చాలనేదాకా అన్నం వడ్డించేది ఏడాదికి ఆ ఒక్క పూటే.

ప్రేమల వంతు ఏనాడూ తప్పలేదు. కళ్లు మూసుకుని, “యేసయ్యా, ఇది నీకు” అని వేసేది. తప్పింది తల్లి.

కార్తీకంలో అరుణమ్మ మగడు పండరికి చలిజ్వరం పట్టుకుంది. అతను మంచమెక్కాక కూలి లేదు, గింజ లేదు. పిల్లలు నీళ్లు తాగి కూర్చున్నారు. అప్పుడు ఉట్టి మీదికి పోయింది ఆమె చెయ్యి. గంజి కాచి పిల్లలకు పోసింది. ‘కోత కూలి రాంగనే నింపుత ప్రభువా’ అనుకుంది. ఆ మాట చాలాసార్లు అనుకోవాల్సి వచ్చింది. గురిగి అడుగంటింది.

కోతలొచ్చాయి. కానీ అవి యుద్ధం రోజులు. సర్కారుకు ధాన్యం వసూలు చేసే లెవీ వాళ్లు వడ్లను కళ్లంలోనే కొలిచి బండ్లకెత్తారు. కూలికి జొన్నలు దక్కాయి. దేవుని గురిగిలో జొన్నలు వేసిన వాళ్లు ఆ వాడలో లేరు.

అందుకే నిన్న అరుణమ్మ పటేలు ఇంటి వెనుక ఊక కుప్ప దగ్గరికి పోయింది. పక్కింటి బక్కమ్మ అప్పటికే గంప నింపుతోంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“ఊక దేనికే అరుణా?”

“గోడలకక్కా. మట్టిల కలిపి అలుకుత. పండుగ గదా! నీకు?”

“నాకూ గందుకే.”

అరుణమ్మ గోడలు అలకలేదు. గురిగి గొంతుదాకా ఊక నింపి, పటేలు ఇంటి దగ్గర వడ్లు దంచిన చోట దొరికిన నాలుగు పిడికిళ్ల బియ్యం పైన పరిచింది. ఎంత పాపిష్టి చెయ్యి ఇది అని ఆ చేతిని చూసుకుని ఏడ్చింది.

ఆమెకు ఒక్కటే ఆశ ఉండేది. మొన్న గుడి పాస్టరు అయ్యగారి భార్య వాడలోకి వచ్చినప్పుడు, “ఈసారి గురుగులు గుమ్మరించుడు వద్దంటున్న. అట్లనే పెట్టి ప్రార్థన చేస్తే అయిపాయె. మీ అయ్యగారు వింటలేడు” అంది. అరుణమ్మకు అమ్మగారి కాళ్లు మొక్కాలనిపించింది. అయ్యగారు చివరిదాకా వినలేదు.

పండుగ పొద్దున తన పెళ్లి చీర చెరగు కోసి కుట్టిన గౌను ప్రేమలకు తొడిగింది. గుడికి బయలుదేరారు. దారిలో ఏ ఇంటి గోడా కొత్తగా అలికినట్టు లేదు. కరువు మరి, అనుకుంది.

మొదట గుమ్మరించిన ఇంటికి ఏడాదంతా దీవెన అని నమ్మకం. ఏటా ముందు నిలబడడానికి ఆడవాళ్లు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఈసారి మర్యాదలు ముంచుకొచ్చాయి.

“నువ్వు పో వదినా.”

“అగో, నాకేం తొందర? నువ్వే పో.”

అందరూ కలిసి అరుణమ్మను ముందుకు నెట్టారు. అందరికీ తెలిసిపోయింది! బక్కమ్మే చెప్పి ఉంటుంది. లేకపోతే ఎందుకలా తలెత్తకుండా నిలబడుతుంది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు చూసినా అరుణమ్మ కొంగు సర్దుకుంది. అమ్మగారు కూడా, చిన్న కొడుకు చేతికి తమ గురిగి ఇచ్చి, నేల చూస్తూ ఉంది.

“రా బిడ్డా” అన్నాడు అయ్యగారు.

ప్రేమల పెద్దమనిషిలా నడిచి చాప దగ్గర నిలబడింది. కళ్లు మూసుకుంది.

“యేసయ్యా, ఇది నీకు.”

గురిగి వంగింది. పైనున్న బియ్యం జారబోతోంది. దొంగతనం తనది, సిగ్గు బిడ్డది కాబోతోంది. అరుణమ్మ తట్టుకోలేకపోయింది. ఒక్క ఉరుకున పోయి గురిగిని పట్టుకుంది.

“ఆగు బిడ్డా! అయ్యగారూ, కింద ఊకున్నది. పిల్లది ఒక్కనాడు తప్పలే. నేనే తీసిన. దేవుని బువ్వ నేనే తీసి పిల్లలకు పెట్టిన.”

అరుణమ్మ కళ్లు గట్టిగా మూసుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. ఒక్క తిట్టూ రాలేదు. భయపడుతూనే కళ్లు తెరిచింది.

వరుసలో ఉన్న తల్లులందరూ బిడ్డల చేతుల్లోని గురుగులను కొంగుల కిందికి లాక్కుంటున్నారు, అందరికన్నా ఎక్కువ తొందరపడిన అమ్మగారి గురిగిలోంచి పిడికెడు ఊక చాప మీద రాలింది.