బావి దావా

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, వెలియనూ లేదు. మబ్బు అటూ ఇటూ కాకుండా వేలాడుతుంటే, ఆరేసిన బట్టలు తీయాలో ఉంచాలో తేలక కూతురు పెరట్లో నిలబడి ఉంది. అప్పుడే వీధి గుమ్మంలో ఎవరో దగ్గారు.

వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. చొక్కా జేబులో, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే నల్ల భూతద్దం. కోర్టు రోజుల్లో మీవారూ నేనూ ఒకే బస్సెక్కేవాళ్లమని తల్లితో చెప్పుకున్నాడు. చావు కబురు తనకు ఆలస్యంగా అందిందట. కూర్చోమనేలోగానే ఆయన చూపు గోడ గడియారం మీద పడింది. పనివాడి చేయి ఊరుకోదు కదా, ఏడు నిమిషాలు వెనకబడిన ముల్లును సరిచేశాడు. పక్కనే ఉన్న క్యాలెండరు కాగితాలు ఎత్తి రోజులు లెక్కపెట్టాడు.

"ఎనభై మూడు," అన్నాడు. "దావా సంగతి ఏం చేశారమ్మా?"

తల్లీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు. మనిషే పోయాక ఇంకా దావా ఏమిటని, కాగితాల కట్టకు తాడు బిగించి అటక మీద పడేశారు.

ఆయన నింపాదిగా విడమరిచి చెప్పాడు. దావా వేసిన మనిషి పోతే, తొంభై రోజుల్లోగా వారసులు అర్జీ పెట్టుకుని ఆయన స్థానంలో చేరాలి. చేరకపోతే దావా దానంతటదే రాలిపోతుంది. పదహారేళ్ల తిరుగుడు బూడిదలో పోసిన పన్నీరవుతుంది. బావి అవతలివాడికే మిగిలిపోతుంది.

వేరే ఊళ్లో తండ్రి కొన్న ఆ బావి స్థలమొక్కటే తల్లికి ఆధారం. బావి తమదని తేలితే నాలుగు మొక్కలు పెంచుకుని బతకవచ్చు. తేలకపోతే అది ఉత్త రాళ్ల నేల. సరిహద్దు రాయికి బావి ఏ పక్కన ఉందన్నదే తగాదా.

"ఆ బావిదొంగ చేతులు పడిపోను," అంది తల్లి. అవతలివాడి పేరు భర్త ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు. ఆమె పెట్టిన పేరే నిలిచిపోయింది. "మా ఆయన్ని కోర్టు మెట్లు ఎక్కించీ దింపీ చంపాడు. వాడికి గొంతులో నీళ్లు దిగకుండా పోను."

వచ్చినాయన తల వంచుకుని, ఇచ్చిన మంచినీళ్లు ఆఖరి చుక్కదాకా తాగాడు.

"మీరు అనాల్సిందేనమ్మా," అన్నాడు.

మాకింక ఓపిక లేదు, పోతే పోనివ్వండి అంది కూతురు. ఆయన కదల్లేదు.

"దావా తీర్పుతో పోవాలి తల్లీ. మనిషితో పోకూడదు. మీ నాన్న మాట కూడా అదే."

మర్నాడు మరణ ధ్రువపత్రానికి ఆయనే వెంట వచ్చాడు. తండ్రి పోయిన తేదీని అక్కడి గుమాస్తా ఒక నెల వెనక్కి రాసిపారేశాడు. అలాగే పట్టుకెళితే గడువు దాటినట్టే లెక్క. భూతద్దం పెట్టి ఆ తప్పు పట్టుకున్నదీ, గుమాస్తా విసుక్కుంటున్నా బల్ల వదలకుండా దిద్దించిందీ ఆయనే. దాంతో కూతురికి ఆయన బాబాయ్ అయిపోయాడు. పేరేమిటని అడగనే లేదు.

తండ్రి తరఫు వకీలు మాత్రం ఆయన్ని చూసి, రాస్తున్న కలం అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"మీరా? ఈమెతో మీరెందుకొచ్చారు?"

"దారి తెలియదంటే తీసుకొచ్చాను. రోజులెన్ని మిగిలాయో అది చూడండి."

వకీలు ఈమెను చూశాడు, ఆయన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు. సాయం చేసేవాళ్లతో ఇదేం మర్యాద అనుకుంది కూతురు. గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయమన్నాడు వకీలు. "చదివి పెట్టమ్మా," అని బాబాయ్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మీరున్నారు కదా అని ఆమె చదవకుండానే పెట్టేసింది. మోకాళ్ల నొప్పుల తల్లి ఇంటి దగ్గరే సంతకం పెడుతుందంది.

లేచేముందు ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. కోర్టు రోజుల్లో తండ్రి ఇద్దరికి సరిపడా అన్నం కట్టించుకునేవాడు. రెండో వంతు వకీలుగారికే అని తల్లి అనుకునేది.

"నేను మధ్యాహ్నం ఇంటికే పోతానమ్మా. ఏనాడూ ఒక్క మెతుకు ముట్టలేదు," అన్నాడు వకీలు, పైకప్పు చూస్తూ.

మరి ఎవరు తిన్నట్టు? దారంతా ఆలోచించినా ఆమెకు అంతు చిక్కలేదు.

తొంభయ్యో రోజున అర్జీ విచారణకొచ్చింది. బాబాయ్ వెనక బల్ల మీద కూర్చున్నాడు. బావిదొంగ ఎవరా అని కూతురు గదంతా వెతికింది. కిటికీ పక్కన కోరమీసాలాయన ఒకడు కాళ్లు చాపుకుని ఉన్నాడు. వాడే అయ్యుంటాడని కళ్లతోనే కాల్చింది.

అవతలి పక్షానికి అభ్యంతరం ఉందా అని జడ్జిగారు అడిగారు. ఒక కుర్ర వకీలు సగం లేచి, వెనక్కి ఎటో చూసి, మింగలేక కక్కలేక "లేదండి" అన్నాడు. అంతే. తండ్రి స్థానంలో తల్లీకూతుళ్లు చేరారు. దావా బతికింది. మరుక్షణమే వేరే కేసు పిలిస్తే కోరమీసాలాయన లేచి వెళ్లాడు. కూతురు తికమకపడింది. అయితే బావిదొంగ రానే లేదా?

వరండాలో బెంచీ మీద తండ్రి క్యారియర్ పెట్టి మూత తీసింది. బాబాయ్ చేయి అలవాటుగా కింది గిన్నెకు పోయింది. రెండో వంతు ఎవరిదో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ గిన్నెను ఆయన వైపు జరిపింది. పైన ఆ రోజూ మబ్బు అటూ ఇటూ కాకుండానే ఉంది. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు.

తింటూనే ఎడమచేత్తో, వకీలు ఇచ్చిన దావా నకలు మొదటిసారి తెరిచింది. పైన తండ్రి పేరు కొట్టేసి తనదీ తల్లిదీ రాశారు. దాని కింద ప్రతివాది పేరు, ఊరు, వృత్తి.

ప్రతివాది వృత్తి గడియారాల మరమ్మతు.