చీపురు మారిన గుమ్మం

షెడ్డు తలుపుకి చీపురు ఎడమవైపున ఆనించి ఉంది.

రౌని అక్కడే ఆగిపోయింది.

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, ఇనారి సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో తలుపులకు తాళాలుండవు. బయటికెళ్లేవాళ్లు తలుపుకి ఓ చీపురు ఆనించి పోతారు. లోపల మనుషులు లేరని దానర్థం. ఆ గుర్తు చూసి వెనక్కి తిరగనివాళ్లు అక్కడ లేరు. రౌని చీపురు ఇరవై ఏళ్లుగా కుడివైపే ఉంటుంది.

రెయిన్‌డీర్ దూడల చెవులకు గుర్తులు కోసే పని ముగించుకుని, పది రోజులకు ఆమె ఇల్లు చేరింది. ఒళ్లు హూనమైంది. అయినా ముందు షెడ్డులోకే పరుగెత్తింది.

మంచు మీద నడిచే బండి, స్నోమొబైల్ ఉంది. హమ్మయ్య.

మందలో సగం అమ్మి కొన్న సెకండ్‌హ్యాండ్ బండి అది. రెండు చేతులు మారి వచ్చింది. అది కదలకపోతే చలికాలంలో మంద వెనక పోలేదు. మంద పోతే ఇక ఆమెకు మిగిలేది ఈ చీపురే.

అందుకే మంచు కరగగానే దాన్ని పసిబిడ్డలా పడుకోబెట్టింది. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, పాడవకుండా మందు కలిపింది. వెనక భాగం దిమ్మెల మీదికెత్తింది. ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో ఇనుప పీచు కుక్కింది. ఇంజను నుంచి బండిని నడిపించే రబ్బరు బెల్టు విప్పి మేకుకి తగిలించింది.

మేకుకి బెల్టు లేదు.

ఎవరి పనో వెతుక్కోనక్కర్లేదు. ఆడపడుచు కెర్తూ తన గుడిసెను వేసవికని వైనో అనే ముసలాయనకి అద్దెకిచ్చింది. ఎక్కడో దక్షిణాది మనిషి. చేపలు పట్టడు, పళ్లు ఏరడు. దోమలకు తప్ప ఎవరికీ పనికిరాని మనిషని రౌని మొదటి రోజే తేల్చేసింది.

పైగా వచ్చిన రోజే అడిగాడు, "మీ బండి ఎడమ స్కీ ఇంకా పక్కకి లాగుతోందా అమ్మా?"

ఇంకా ఏమిటి? ఈయనకెలా తెలుసు?

మర్నాడు మళ్లీ అడిగాడు, "సీటు కింద ఇంకో బెల్టు పెట్టుకున్నారా?"

"నా సీటు కింద ఏముంటే మీకెందుకయ్యా?" అంది రౌని.

ఇప్పుడు తెలిసింది ఎందుకో.

తిన్నగా గుడిసెకి వెళ్లింది. వైనో మెట్ల మీద కూర్చుని, ఆమె బెల్టునే ఒళ్లో పెట్టుకుని వంచి చూస్తున్నాడు. పక్కన కెర్తూ కాఫీ పోస్తోంది.

"చూశావా కెర్తూ! నువ్వు దొంగకి కాఫీలు పోస్తున్నావు."

"ఇది పనికిరాదమ్మా, లోపల..." ఏదో చెప్పబోయాడు ముసలాయన.

"పనికిరాకపోతే నీ చేతికెందుకొచ్చింది? నేను లేనని చీపురు చెబుతుంటే లోపలికెలా వెళ్లావు? తెల్ల జుట్టుకైనా సిగ్గుండాలి!"

బెల్టు లాక్కుని వచ్చేసింది. సాయంత్రానికి దుకాణం నుంచి రెండు తాళాలు తెచ్చింది. ఒకటి షెడ్డుకి, ఒకటి ఇంటికి. ఊరంతా వింతగా చూసింది.

వైనో తాళం చూశాడు. మొహం పాలిపోయింది.

"నన్ను పొమ్మంటే పోతానమ్మా. ఆ తాళాలు మాత్రం తీసేయండి. మీకు దణ్ణం పెడతాను."

రౌని పగలబడి నవ్వింది. "విన్నావా కెర్తూ, దొంగే వచ్చి తాళం తీయమంటున్నాడు!"

కెర్తూ నవ్వలేదు. తల దించుకుంది.

మర్నాటి బస్సుకి ముసలాయన వెళ్లిపోయాడు. షెడ్డు గుమ్మంలో ఓ కాగితం పొట్లం వదిలేసి పోయాడు. తప్పు చేసినవాడి లంచమని రౌని దాన్ని విప్పకుండానే ఓ మూలకి విసిరికొట్టింది. పీడ వదిలిందనుకుంది.

నవంబరులో మంచు గట్టిపడింది. మంద కదిలింది. రౌని తాళం తీసి, బండిని దిమ్మెల మీంచి దించింది. పొగగొట్టంలోంచి ఇనుప పీచు లాగేసింది. బిగిద్దామని బెల్టు చేతికి తీసుకుని, చలికి బిరుసెక్కిందేమోనని వంచింది.

లోపలివైపు రబ్బరు అడ్డంగా పగిలి నోరు తెరుచుకుంది. దారాలు కనిపించాయి.

ఇది అడవి మధ్యలో తెగి ఉంటే?

అప్పుడు గుర్తొచ్చింది పొట్లం. విప్పింది. రెండు కొత్త బెల్టులు, ఓ చీటీ. 'ఒకటి బండికి. ఒకటి సీటు కింద. ఎప్పుడూ.'

రౌనికి తన మీద తనకే అసహ్యం వేసింది. చీటీ పట్టుకుని కెర్తూ ఇంటికి పరుగెత్తింది.

"ఆయన ఫోన్ నంబరియ్యి. తప్పయిపోయిందని చెప్పుకోవాలి."

"నంబరుంది వదినా, ఎత్తేవాళ్లే లేరు. పోయిన నెలలో పోయాడు. రోగం ముదిరిందని తెలిసే వేసవిలో ఇక్కడికొచ్చాడు."

"ఎవరాయన? నా బండితో ఏం పని?"

"నీకు చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. చెబితే నువ్వా బండి ఎక్కవని భయం. అది ఆయన కొడుకుది."

రౌని చేతిలోని చీటీని మళ్లీ విప్పి చదివింది.

"మూడేళ్ల కిందట, మైనస్ నలభై చలిలో బెల్టు తెగింది. సీటు కింద ఇంకోటి లేదు. నడక మొదలుపెట్టాడు."

"దారిలోనే పోయాడా?"

"దారిలో కాదు వదినా. తొమ్మిది కిలోమీటర్లు నడిచి, ఓ గుడిసె గుమ్మం దాకా చేరాడు. ఆ తలుపుకి తాళం వేసి ఉంది."