ముగ్గురూ ఒప్పుకున్నారు

అడక్కుండా ఒకావిడ ఫొటో దుకాణం ముందు కట్టినందుకు ఆవిడ మొగుడి గొడుగు విరిగింది. విరిగింది ఫొటోగ్రాఫరు వరహాలరావు వీపు మీద.

దాంతో బుద్ధొచ్చింది. ఒప్పుకోనిదే ఎవరి ఫొటో బయట పెట్టకూడదనుకున్నాడు. పెట్టకపోతే బేరాల్లేవు. బేరాల్లేకపోతే పార్వతీపురంలో దుకాణం మూసేసి బావమరిది నూనె గానుగ దగ్గర పడి ఉండాలి. ఆ బావమరిదిని తలుచుకుంటేనే వరహాలరావుకి అన్నం సయించదు.

అందుకే బాగా కుదిరిన మూడు ఫొటోలు ఏరి, వాటిలోని మనుషుల దగ్గరికి తనే బయల్దేరాడు.

చింతపండు వర్తకుడు ధనరాజు పొంగిపోయాడు. "అడగాలేటి బాబూ! ఆ ఫొటో సూసే కదా మా మావ నాకు పిల్లనిచ్చినాడు. నలుగురికీ కనిపించేటట్టు ఎట్టు."

మిషన్ బడి మాస్టారు ఫిలిప్పు కాసేపు బెట్టు చేశాడు. "మా ఆవిడ పుట్టింటివాళ్ళు ఆ దారినే చర్చికి వెళ్తారు. కాస్త పైన కట్టండి."

కొండ మీది ఊరిపెద్ద సోంబరు కోసం ఘాటీ ఎక్కాల్సి వచ్చింది. సోంబరు అంబలి పోయించి, "మా ఊరోళ్ళందరినీ సంతకి తోలుకొత్తాను, సూత్తారు" అన్నాడు.

సంత రోజు పొద్దున్నే మూడూ వరసగా కట్టాడు. జనం మూగారు. ఉప్పు బళ్ళ పైడిరాజుకి మోజు పుట్టింది. "నాకూ అలాటిదే బేగి తీసీ" అన్నాడు. వరహాలరావు మురిసిపోతూ అతన్ని ముస్తాబవమని లోపలికి పంపాడు.

ఈలోగా ఆ ముగ్గురూ రానే వచ్చారు. ఫొటోల కేసి చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరి ముఖాలూ మాడిపోయాయి.

"ఆళ్ళవి పీకీ! నాదొక్కటే ఉంచు" అని ధనరాజు అరిచాడు.

"అసలు నాది తీసేయండి" అన్నాడు మాస్టారు.

వరహాలరావుకి ఏడుపొచ్చింది. "మీరేగా ఒప్పుకున్నారు?"

"నాది ఎట్టమన్నాను గానీ, ఈళ్ళ పక్కన ఎట్టమన్నానేటి?" అని సోంబరు కస్సుమన్నాడు.

గొడవ విని ధనరాజు మావ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కళ్ళజోడు కోసం జేబు తడుముకుంటూ, "ఏటల్లుడూ, ఏటయింది?" అన్నాడు.

"ఏటీ నేదు మావా. ఎండగా ఉంది, ఇంటికెల్దాం పద."

ఇంతలో పైడిరాజు, మూడు ఫొటోల్లోనూ ముగ్గురూ తొడుక్కున్న దుకాణం నల్లకోటునే బిగించుకుని, "సేతులు పొట్టయిపోనాయి బాబూ, ఇంకో కోటు నేదేటి?" అంటూ గుమ్మంలోకి వచ్చాడు.