తొట్టిలో వెంట్రుకలు

నీలవేణి వేళ్లకు మట్టిలో ఏదో మెత్తగా తగిలింది.

ఎడమచేత్తో పైకి లాగింది. వెంట్రుకలు.

ఆమెవి కావు. నల్లవీ తెల్లవీ కలిసిన పొట్టి వెంట్రుకలు, గుప్పెడు.

ఇంకాస్త కెలికితే పిండేసిన నిమ్మచెక్క బయటపడింది. దాని కింద గుడ్డు పెంకులు.

"నానమ్మా," అంది. 

నాచారంలోని ఆ ఫిజియోథెరపీ సెంటర్ వెనక చిన్న తోట ఉంది. పేషెంటుకొక మట్టి తొట్టి ఇస్తారు. ఉప్పల్ దగ్గర ఆటో బోల్తాపడి కుడిచెయ్యి నలిగినప్పటి నుంచి నీలవేణి వేళ్లు ముడుచుకోవడం లేదు. రోజూ మట్టి పిసకాలి, విత్తు నాటాలి, కలుపు తీయాలి. అదే ఆమెకు వైద్యం.

వానలు పడేలోపు పిడికిలి బిగియకపోతే ఇక కష్టమని డాక్టరు నాన్నతో అనడం ఆమె తలుపు చాటు నుంచి విన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి చున్నీ కింద దాచుకుని తిరిగేది.

మొదటిరోజు మట్టి ముట్టడానికే జంకింది. నానమ్మ ముత్తమ్మే ధైర్యం చెప్పింది.

"మట్టికేంది బిడ్డా భయం? మనకు పొలం ఉన్నప్పుడు నేను పొద్దంత మట్టిలనే ఉంటుంటి. గట్టు మీద రేడియో పెట్టుకుంటుంటిమి. అండ్ల ఒక సారు వస్తుండె. 'రైతన్నా, అన్నం తిన్నావా?' అని అడిగినంకనే ఎవుసం ముచ్చట చెప్తుండె."

"రేడియోల అడిగితే నువ్వు జవాబు చెప్తుంటివా?"

"చెప్పకపోతే ఎట్ల? మీ తాత అడగకపాయె, మా అత్త అడగకపాయె. ఆ ఇంట్ల నన్ను అడిగింది ఆయనొక్కడే. పేరు యాదికి లేదు గని, గొంతు ఇంకా చెవులల్లనే ఉన్నది."

ఆ ముత్తమ్మ ముఖమే ఇప్పుడు వెంట్రుకలు చూసి పాలిపోయింది.

ఆమె చూపు పక్క తొట్టి మీదికి పోయింది. నీలవేణి చూపు కూడా.

ఆ తొట్టి ఒక ముసలాయనది. ఎండాకాలంలో కూడా మూతికి మఫ్లర్. కుడిచెయ్యి ఛాతీకి అంటుకుని ఉంటుంది. కుడికాలు ఈడుస్తూ వస్తాడు. ఆ చప్పుడు వినగానే నీలవేణి తల దించుకునేది. ఎవరితోనూ మాట్లాడడు. మొక్కల మీదికి వంగి మాత్రం "అ... అన్... అన్..." అని గొణుగుతాడు.

"దిగదుడుపు," అంది ముత్తమ్మ మెల్లగా. "ఆయనది కుడిచెయ్యి, నీది కుడిచెయ్యి. తన పక్షవాతం నీ మీదికి దించుతున్నడు."

ఇంటికి పోయే ఆటోలో దారంతా నీలవేణికి చెయ్యి మొద్దుబారుతున్నట్టే అనిపించింది.

మర్నాడు ఇద్దరూ పెందలాడే వచ్చారు.

ఆయన అప్పటికే నీలవేణి తొట్టి దగ్గర ఉన్నాడు. ఎడమచేతిలో మట్టి తవ్వే ఇనుప ఖుర్పీ. పక్కన సంచి. సంచి నిండా వెంట్రుకలు.

అడుగుల చప్పుడు విని తిరిగాడు. నీలవేణిని చూశాడు. ఖుర్పీ కింద పెట్టి, మట్టి చెయ్యి ఆమె వైపు చాపాడు.

"అ... అన్... అన్..."

నీలవేణి చప్పున నానమ్మ వెనక దాక్కుంది. 

"నీ రోగం నా మనుమరాలికి అంటిస్తవా? నీకు పిల్లలు లేరా?" ముత్తమ్మ సంచి లాక్కుని గోడ అవతలికి విసిరేసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మఫ్లర్ కిందికి లాక్కున్నాడు. మూతి ఒక పక్కకు వంకరపోయి ఉంది. "అన్... అన్..."

"మంత్రం సదువుతున్నడు. నాగేందర్, జర ఈయనను తీస్కపో. లేకపోతే నా చెప్పు తెగుతది."

వాచ్‌మన్ నాగేందర్ ఆయన భుజం పట్టుకున్నాడు. "నడువు పెద్దాయనా. లొల్లి ఎందుకు."

గేటు దగ్గర ఆయన ఒక్కసారి ఆగి, తొట్టి వైపు చూశాడు.

తర్వాత మళ్లీ రాలేదు.

ముత్తమ్మ మనుమరాలి మణికట్టుకు నల్లదారం కట్టింది. అయినా నీలవేణి తన తొట్టి ముట్టలేదు. కూరగాయల బండి మీద నిమ్మకాయ కనబడినా పక్కకు తప్పుకునేది.

సోమవారం థెరపిస్టు భాగ్యశ్రీ సెలవు నుంచి తిరిగొచ్చింది.

"చెయ్యి పెట్టు నీలవేణీ. నేనున్నానుగా."

కళ్లు మూసుకుని పెట్టింది. ఒకప్పుడు వేలు దిగని మట్టి. ఇప్పుడు చెయ్యి మణికట్టు దాకా మెత్తగా దిగిపోయింది.

"ఇప్పుడు ముడువు."

వేళ్లు కదిలాయి. నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి. బయటికి తీసేసరికి పిడికిలిలో మట్టి ఉంది.

ముత్తమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"ఈ మట్టి మీ పక్క తొట్టి పరంధామయ్య గారి పనే," అంది భాగ్యశ్రీ నవ్వుతూ. "ఇది గట్టిగా ఉంది, ఆ పిల్ల వేళ్లు దిగడం లేదు అని నాకు సైగ చేసి చూపించారు. రామంతాపూర్‌లో సెలూన్ నుంచి వెంట్రుకలు, సోడా బండి నుంచి నిమ్మచెక్కలు, ఆమ్లెట్ బండి నుంచి గుడ్డు పెంకులు అడుక్కుని షేర్ ఆటోలో మోసుకొచ్చేవారు. మంచి ఎరువట. ఏమైందో, రావడం మానేశారు. వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను. ఇక రానని చెయ్యి ఊపి, గోడ వైపు తిరిగి పడుకున్నారట."

నానమ్మా మనుమరాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఆయన మొక్కల ముందర ఏందో అంటుండె గదా, మేడం?" అడిగింది నీలవేణి.

"పక్షవాతంతో మాట పోయింది కదా. బాగా అలవాటైన మాటలైతే తొందరగా తిరిగొస్తాయి. అందుకని ఉద్యోగంలో రోజూ ముందుగా పలికే మాటలే మొక్కల ముందు పలకమన్నాను. అవి వచ్చిన రోజు మొదట నీకే వినిపిస్తానని సైగ చేశారు."

"ఏం మాటలు బిడ్డా?" అంది ముత్తమ్మ.

"రైతన్నా, అన్నం తిన్నావా?"