పచ్చ దీపం

"ఈ ఆదివారమైనా నీ దీపం పచ్చగా రానీవే పైడితల్లీ. నీ వల్లే గోల్స్ పోతన్నాయని ఊరంతా అంటన్నారు," అంది అమ్మ నాతో, నా జెర్సీని దాని మీది దీపం తడవకుండా ఉతికి దండెం మీద ఆరేస్తూ. చచ్చిపోయిన కొడుకు పేరు మాత్రం ఎత్తలేదు.

ఎగువపేటవాళ్లు మా మీద పడి చేసిన నరమేధం తర్వాత ఎగువపేటకీ మా దిగువపేటకీ కలిపి ఒకే ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. ఇప్పుడు ప్రతి మండలానికీ ఇలాంటి శాంతి జట్టు ఉంది. గోల్ పడగానే చంపినవాళ్లూ, పోయినవాళ్ల తాలూకు మనుషులూ కౌగిలించుకోవాలి. ఎవరి గుండె అదిరినా వాళ్ల జెర్సీ మీద దీపం ఎర్రబడుతుంది, గోల్ చెల్లదు.

మా తమ్ముణ్ణి ఇంట్లోంచి ఈడ్చుకుపోయిన సింహాచలం దీపం ఎప్పుడూ పచ్చే. వాడి గుండె అంత చల్లగా ఉంది! ఎర్రగా వెలిగేది నేనొక్కదాన్నే. అందుకని శాంతికి నేనే అడ్డమట.

ఆదివారం వాడే గోల్ కొట్టి, చేతులు చాచుకుని నా దగ్గరికొచ్చాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. కౌగిలించుకుని, వాడి చెవిలో అడిగాను.

"మా తమ్ముణ్ణి ఎక్కడ పాతేశావురా?"

 వాడి దీపం మొదటిసారి ఎర్రబడింది.

"అయన్నీ ఇప్పుడెందుకు అప్పా?" అన్నాడు.

నేను వాడికి అప్పనట, అక్కనట!

రిఫరీ విజిల్ ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. రెండు ఎర్ర దీపాలనూ చూశాడు. ఎర్ర కార్డు తీసి నాకే చూపించాడు.

నేను మైదానం దాటలేదు. మళ్లీ అడిగాను. ఈసారి చెవిలో కాదు.